జలకన్య కుడిపాదం

పటాలు కట్టే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నాలుగు మాటలు చెప్పమని ఈమధ్య కొందరు అడుగుతున్నారు. నేను చెప్పగలిగినవి నా తప్పులే. సరిగ్గా చేసిన పనుల గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. అవి గోడలకి బుద్ధిగా వేలాడుతుంటాయి, వాటిని కట్టిందెవరని ఎవరూ అడగరు. తప్పులు అలా కాదు. నేను చేసిన ఒక తప్పు గురించి మనామా బజారులో ఇప్పటికీ ఎవరో ఒకరు టీ తాగుతూ చెప్పుకుని నవ్వుతుంటారని విన్నాను. వాళ్ళు చెప్పుకునేదాంట్లో సగం అబద్ధం. అందుకని నేనే రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్ళాను, ఏ వీసా మీద వెళ్ళాను, జీతం ఎప్పుడెప్పుడు పెరిగింది, ఇవన్నీ వదిలేస్తాను. కాకినాడలో సినిమా బ్యానర్లు గీసేవాణ్ణి. బహ్రెయిన్‌లో బోర్డులు రాసే పని అని చెప్పి తీసుకెళ్ళి, మనామాలో ఒక పటాల షాపులో కూర్చోబెట్టారు. తొంభైల్లో చాలా భాగం ఆ బల్ల ముందే గడిచిపోయింది. ఇంత తెలిస్తే చాలు.

దాచే పని

బొమ్మని చూపించడమే మా పని అని బయటివాళ్ళు అనుకుంటారు. సగం పని దాచడమే. చిరిగిన అంచు దాచాలి, మరక దాచాలి, ఒక్కోసారి మనుషుల్ని కూడా దాచాలి. దానికి మాకున్న సాధనం మౌంటు. బొమ్మ మీద, అద్దం కింద పెట్టే మందపాటి అట్ట అది. మధ్యలో కిటికీ కోస్తాం. కిటికీలో ఉన్నదే లోకానికి కనిపిస్తుంది.

ఒక శుక్రవారం అస్కర్‌లోని కూలీల క్యాంపు నుంచి అప్పారావనే మనిషి తన పెళ్ళిఫోటో తెచ్చాడు. చివర నిలబడ్డ మనిషి మీద వేలు పెట్టాడు.

"ఈడు మా బావమరిదండి. ఈడు కనపడకూడదు."

"కత్తిరించెయ్యమంటావా?"

"అమ్మో, మా ఆవిడ సంపేత్తాదండి. ఉండాలి. కానీ కనపడకూడదు."

కిటికీని కాస్త ఎడమకి జరిపి కోశాను. బావమరిది అట్ట వెనక్కి వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలల తరవాత అప్పారావు అదే పటం చంకలో పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మా బావమరిది వచ్చేశాడండి. మా కంపెనీయే, మా క్యాంపే, మా రూమే. నా పైమంచం ఈడికిచ్చారు. రాగానే గోడకేసి చూసి, నేనేడి బావా అన్నాడండి."

"నువ్వేమన్నావ్?"

"పటానికి చెద పట్టింది, బాగుచేయించి తెత్తానన్నాను. తొందరగా కానివ్వండి, బయట నిలబడి ఉన్నాడు."

అట్ట మార్చేసరికి అయిదు నిమిషాలు పట్టింది. బావమరిది చిరునవ్వుతో బయటికొచ్చాడు. కత్తెర వాడి ఉంటే ఆ రోజు అప్పారావుని ఎవరూ కాపాడలేకపోయేవాళ్ళు. మనం చేసింది ఏదైనా మళ్ళీ విప్పేలా ఉండాలి. ఈ సంగతి నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా, ఇప్పుడు చెప్పబోయే పని చేశాను.

అబూ ఖలీల్

షాపు యజమానిని అందరూ అబూ ఖలీల్ అనేవాళ్ళు. అరవై దాటిన బహ్రెయినీ. టేకుకీ మామిడిచెక్కకీ తేడా తెలియదు, కానీ గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని చూసి వాళ్ళింట్లో గోడ రంగేమిటో చెప్పేవాడు. సత్తిబాబు అనే పేరు ఆయన నోటికి పట్టేది కాదు. "సాతీ" అని పిలిచేవాడు. మా నాన్న పోయాడని ఫోనొస్తే, మర్నాటికల్లా కాగితాలన్నీ తనే తిరిగి చేయించి నన్ను విమానం ఎక్కించాడు. ఆ మేలు మరిచిపోను.

పని విషయంలో మాత్రం ఆయనది ఒకటే సూత్రం. అడగని మాట చెప్పకు. అద్దం మీద గీత పడిందా, అడిగితే చెప్పు. ఫ్రేము మూల కలవలేదా, అడిగితే చెప్పు. అబూ ఖలీల్ మంచి మనిషి, చెడ్డ గురువు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని కొత్తవాళ్ళు తెలుసుకోవాలి. మంచివాడు కదా అని ఆయన చెప్పిందల్లా నేర్చేసుకుంటే కష్టం.

షాపులో మరో మనిషి గౌస్ భాయ్. కరీంనగర్ వాడు. వ్యాను నడపడం, ఇళ్ళకి వెళ్ళి పటాలు తగిలించడం అతని డ్యూటీ. పదకొండేళ్ళుగా బహ్రెయిన్‌లో ఉన్నా, ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "దుబాయిల మస్తు ఎండలున్నయి" అనేవాడు.

తువ్వాలులో వచ్చిన సముద్రం

ఒకరోజు డాక్టర్ జాసిం వచ్చాడు. పళ్ళ డాక్టరు, నలభై లోపు వయసు, మహూజ్‌లో ఫ్లాటు. రోములో చదువుకున్నాడట. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీలో నాతో మాట్లాడేవాడు. స్నానాల తువ్వాలులో చుట్టిన పటం ఒకటి పసిబిడ్డని దించినట్టు బల్ల మీద దించాడు.

"నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్ గారిది. ఆయన పోయారు. నువ్వే ఉంచుకోమని వాళ్ళావిడ నాకు పంపింది. బరోక్ బొమ్మ."

అబూ ఖలీల్‌కి అది బరకా అని వినిపించింది. బరకా అంటే అరబీలో దైవానుగ్రహం. "మాషా అల్లా" అంటూ భక్తిగా దగ్గరికొచ్చాడు. బరోక్ అంటే మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇటలీ బాణీ అని డాక్టరు వివరిస్తుండగానే ఆయనకి బొమ్మలో ఆడవాళ్ళు కనపడ్డారు. "అస్తగ్‌ఫిరుల్లా!" అని దేవుణ్ణి క్షమాపణ అడిగి కళ్ళజోడు తీసేశాడు. తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

దినపత్రికలో సగమంత కాగితం. గోధుమరంగు సిరాతో గీసిన బొమ్మ. మధ్యలో పెద్ద చిప్పలాంటి రథం మీద గడ్డపు మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో త్రిశూలం. శివుడేమో అనుకుని నా చెయ్యి దణ్ణానికి సగం లేచింది. కాదట, వాళ్ళ సముద్రదేవుడట. రథాన్ని లాగే గుర్రాలకి ముందు కాళ్ళున్నాయి, వెనక చేపతోకలున్నాయి. పక్కన ఇద్దరు బుగ్గలు పూరించి శంఖాలు ఊదుతున్నారు. కుడివైపు ముగ్గురు జలకన్యలు. జలకన్యలకి తోకలుంటాయని నేననుకునేవాణ్ణి. వీళ్ళకి నిక్షేపంగా కాళ్ళే ఉన్నాయి. గుడ్డలు మాత్రం లేవు. వాళ్ళలో ఒకతె గుర్రం జూలు పట్టుకుని, కుడికాలు దాని వీపు మీద మోపి పైకెక్కుతోంది.

బ్యానర్లు గీసినవాణ్ణి కాబట్టి మా బొమ్మలతో పోల్చి చూసుకున్నాను. మేం గీసే హీరోలు ఫోటోకి నిలబడ్డట్టు నిలబడతారు. ఇక్కడ ఒళ్ళు ఒకవైపు తిరిగితే ముఖం ఇంకోవైపు తిరిగింది. కాగితమంతా వెతికినా తిన్నగా ఉన్న గీత ఒక్కటి లేదు. అందరూ జారిపోతున్నారు, ఎవరూ పడిపోవడం లేదు.

గౌస్ భాయ్ మా భుజాల మీంచి తొంగి చూశాడు.

"సముద్రంల గుర్రాలేంది భాయ్? తడిస్తే జలుబు చెయ్యదా?"

డాక్టరు నవ్వాడు. తరవాత నావైపు తిరిగి, "ఫ్రేము పురుగు తినేసింది. కొత్త ఫ్రేము, కొత్త అద్దం వెయ్యి. కాగితాన్ని మాత్రం తాకొద్దు. మరకలున్నా ఉండనీ," అన్నాడు.

"అలాగే సాబ్," అన్నాను. నోరు అలాగే అంది. చెయ్యి వినలేదు.

రబ్బరు

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు షాపు మూసేవాళ్ళం. అబూ ఖలీల్ భోజనానికి ఇంటికెళ్ళాడు. గౌస్ భాయ్ వెనకగదిలో పడుకున్నాడు. నేను పాత ఫ్రేము విప్పి కాగితాన్ని బల్ల మీద పరిచాను. గుర్రం ఎక్కుతున్న అమ్మాయి కాలు మడమ దాకా సిరాతో గీసి ఉంది. దాని ముందు నల్లగా చిన్న మసక. ఎవరో వేలితో పులిమినట్టుంది. అంత అందమైన బొమ్మకి ఈ మసకేమిటి అనిపించింది. మెత్తటి రబ్బరు తీసి రెండుసార్లు రుద్దాను. శుభ్రంగా పోయింది.

పోయాక భూతద్దం పెట్టి చూశాను. మడమ దగ్గర మొదలైన సిరాగీత సగంలో ఆగి ఉంది. దాని వెంట నల్లసుద్ద పొడి సన్నగా మిగిలి ఉంది. అప్పుడర్థమైంది. చిత్రకారుడు ముందు అంతా నల్లసుద్దతో గీసుకుని, తరవాత సిరాతో దిద్దుకుంటూ వచ్చాడు. పాదం ముందుభాగం మాత్రం సిరా పెట్టకుండా వదిలేశాడు. నేను మురికి అనుకున్నది ఆమె కాలివేళ్ళు. ఆ అమ్మాయి బరువంతా ఆ వేళ్ళ మీదే ఉంది. అవి పోయేసరికి ఆమె గుర్రం మీంచి నీళ్ళలోకి జారుతున్నట్టు కనిపించింది.

రబ్బరు తిప్పి చూశాను. ఆ వేళ్ళు నల్లగా దాని అంచుకి అంటుకుని ఉన్నాయి.

ఆ క్షణంలో ఫోను తీసి డాక్టరుకి చెప్పి ఉంటే నేనిప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు. నేను పెన్సిలు తీశాను. బ్యానరు మీద తాటిచెట్టంత హీరోయిన్ కాళ్ళు గీసినవాణ్ణి, వేలిగోరంత పాదం గీయలేనా! చిత్తుకాగితం మీద పదకొండు పాదాలు గీశాను. పన్నెండోది అసలు కాగితం మీద గీశాను. నిజం చెప్పాలి, గీస్తున్నంతసేపూ భయం పోయి సరదా పుట్టింది. అమ్మాయి మళ్ళీ గుర్రం మీద నిలదొక్కుకుంది. మూడు వందల ఏళ్ళ కిందటి ఇటలీ మేస్త్రీకి నేను సాయం పట్టినంత గర్వం కలిగింది.

గౌస్ భాయ్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. దాచలేక జరిగింది చెప్పాను. అతను బొమ్మకేసి తీరిగ్గా చూశాడు.

"కాలివేళ్ళు ఎవడు సూస్తడు భాయ్? గాడ సూసేటియి షానా ఉన్నయి."

అబూ ఖలీల్‌కీ చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు.

"డాక్టరు నిన్ను అడిగాడా?"

"లేదు."

"ఖలాస్."

రెండు కిటికీలు

రెండో రోజు డాక్టరు కంగారుగా వచ్చాడు. ముహర్రక్‌లో వాళ్ళమ్మగారి ఇల్లు మరమ్మతు చేస్తున్నారట. నెల రోజులు ఆవిడ ఫ్లాటులోనే ఉంటుందట.

"అమ్మకి నమాజు తప్పితే వేరే లోకం లేదు. ఈ బొమ్మ చూస్తే నాతో మాట్లాడదు. అలమరలో పెడదామంటే, ప్రొఫెసర్ గారిని అలమరలో పెట్టినట్టుంటుంది. ఏదైనా ఉపాయం చెప్పు."

ఉపాయం నా నోట్లోంచి ఎంత త్వరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు మౌంట్లు చేస్తానన్నాను. ఒకటి బొమ్మంతా కనిపించేది. రెండోది అమ్మగారు ఉన్నన్నాళ్ళకి, చిన్న కిటికీది. సముద్రదేవుడు నడుం నుంచి పైకి, గుర్రాలు, శంఖాలు, అలలు కనిపిస్తాయి. జలకన్యలు ముగ్గురూ అట్ట కింద ఉంటారు. వెనక చిన్న బిళ్ళలు పెడతాను, తిప్పి ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

"నువ్వు డాక్టరువి కావాల్సినవాడివి," అని జాసిం నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఆయనకి తల్లి భయం, నాకు ఆయన భయం. రెండు భయాల్నీ ఒకే అట్టతో కప్పేశాను.

ఒక్క చిక్కు మిగిలింది. గుర్రం జూలు పట్టుకున్న అమ్మాయి చెయ్యి. కిటికీ ఎటు జరిపినా మోచేతి దాకా కనిపిస్తూనే ఉంది. దాన్ని దాచాలంటే గుర్రం తల పోతుంది. మహూజ్‌లో పటం తగిలించాక గౌస్ భాయ్ నాలుగడుగులు వెనక్కి వేసి తల గోక్కున్నాడు.

"గీ చెయ్యి ఎవలది భాయ్?"

డాక్టరుకి తెలుగు రాకపోయినా వేలు ఎటు చూపిస్తుందో అర్థమైంది.

"ఎవరో ఒకరిది. అమ్మ అంత దగ్గరగా చూడదు," అన్నాడు.

ఉమ్ జాసిం

పదో రోజున డాక్టరు ఇంటి నుంచి ఫోను వచ్చింది. నేనూ గౌస్ భాయ్ వెళ్ళాం. సోఫాలో నల్లటి అబాయాలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆవిడే డాక్టరు తల్లి, ఉమ్ జాసిం, అంటే జాసిం అమ్మ. ఒళ్ళో బొమ్మ. ఫ్రేము, అద్దం, నా రెండు మౌంట్లు టీపాయి మీద వరసగా పేర్చి ఉన్నాయి. పక్కన ఒక చెంచా. చెంచా కాడతో బిళ్ళలు తిప్పి విప్పేసింది. జాసిం తప్పుచేసిన బడిపిల్లాడిలా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పటికి నాకు అరబీ బాగానే అర్థమయ్యేది.

"పటం కట్టింది నువ్వేనా? రా. ఒక చెయ్యి గాల్లో వేలాడుతుంటే, పది రోజులు దానికింద కూర్చుని టీ తాగాను. ఆ చేతి తాలూకు మనిషేదీ అని విప్పాను. ఒకరు కాదు, ముగ్గురున్నారు!"

"అమ్మా, నువ్వు బాధపడతావని..." అని జాసిం మొదలుపెట్టాడు.

"మా నాన్న ముత్యాల పడవల మీద మునిగేవాడు. వేసవంతా సముద్రం మీదే. పడవలు తిరిగొచ్చిన రోజు ఒడ్డు మీద మేం పిల్లలం వరసగా నిలబడేవాళ్ళం. దిగేవాళ్ళ ఒంటి మీద ఎంత గుడ్డ ఉండేదో నీకేం తెలుసు? ఆరుగురిని కన్నాను, పోయిన నలుగురికి స్నానం చేయించి మట్టిలో పెట్టాను. ఒళ్ళు చూసి మూర్ఛపోతాననుకున్నావా?"

ఆవిడ బొమ్మని దగ్గరికి తీసుకుని ఒకచోట గోరు ఆనించకుండా చూపించింది.

"అది సరే. ఈ హిందీ పిల్ల ఎవరు?"

అక్కడ మనవాళ్ళందరినీ హిందీ అనే అంటారు. నేను వంగి చూశాను. కుడికాలి రెండో వేలి మీద, సన్నగా, రెండు గీతలు.

మెట్టె.

నేను పెట్టిందే. పెడుతున్నట్టు నాకే తెలియదు. ఏళ్ళ తరబడి బ్యానర్ల మీద హీరోయిన్ల కాళ్ళు గీసీ గీసీ, ఆడపాదం పూర్తవగానే రెండో వేలికి రెండు గీతలు లాగడం చేతికి అలవాటైపోయింది. మూడు వందల ఏళ్ళుగా హాయిగా ఉన్న ఇటలీ జలకన్యకి పెళ్ళి చేసేశాను.

"మా పక్కింట్లో పనిచేసే అమ్మాయి కాలికి ఇలాంటిదే ఉంది," అంది ఉమ్ జాసిం.

జాసిం పరుగున వెళ్ళి భూతద్దం తెచ్చాడు. చూస్తున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది.

"నిజమే! ఇన్నేళ్ళుగా నేను గమనించనే లేదు! ఆ రోజుల్లో ఇండియా సరుకు ఇటలీ రేవులకి వచ్చేది. సరుకుతోపాటు మనుషులూ వచ్చి ఉంటారు. చిత్రకారుడు రేవులో ఎవరినో చూసి ఉంటాడు! దీని గురించి ఎవరూ రాయలేదు. ప్రొఫెసర్ గారి భార్యకి రాస్తాను. యూనివర్సిటీకి కూడా రాస్తాను. సాతీ, నువ్వు ఇండియా వాడివి, నువ్వు చెప్పు, ఇది మీ నగే కదా?"

"మాదే సాబ్," అన్నాను. అందులో అబద్ధం లేదు.

గౌస్ భాయ్‌కి దగ్గు వచ్చి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఉమ్ జాసిం బొమ్మని చూడడం లేదు. నన్ను చూస్తోంది.

నాలుగు రోజులు

"రాస్తే రాయనీ భాయ్," అన్నాడు గౌస్ భాయ్ వ్యానులో. "మన మెట్టె ఇటలీ దాంక పోతది. నీకేం పోయింది?"

అబూ ఖలీల్ ఇంకా సంతోషించాడు. "డాక్టరు ఆనందంగా ఉన్నాడు. తల్లి కోపం తగ్గింది. ముగ్గురు ఆడవాళ్ళు బయటికొచ్చారు. మధ్యలో నువ్వెవరు పాడుచెయ్యడానికి?"

వాళ్ళిద్దరూ చెప్పినదాంట్లో తప్పు వెతకడానికి చూశాను. దొరకలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, అందరికీ లాభమే. కానీ పని సాగలేదు. వరసగా మూడు అద్దాలు తప్పు కొలతకి కోశాను. కత్తి పట్టుకున్నప్పుడల్లా ఒకటే ఆలోచన. ఆ ఉత్తరం చదివేవాళ్ళు తెలిసినవాళ్ళు. బొమ్మ తెమ్మంటారు. బజారులో దొరికే పెన్సిలుగీతని ఒక్క చూపులో పట్టేస్తారు. జాసిం చదువుకున్నచోటే, ఆయన్ని ఎరిగినవాళ్ళ మధ్యే ఆయన నవ్వులపాలవుతాడు. అప్పుడు ఆయనకి తోడుగా అక్కడ నేనుండను.

నాలుగో రోజు ఆయనే ఫోను చేశాడు. ఉత్తరానికి ఫోటోలు జత చెయ్యాలట, అద్దం తీసిపెట్టమన్నాడు. వెళ్ళేసరికి కెమెరా సిద్ధంగా ఉంది. నాలుగు పేజీల ఉత్తరం టీపాయి మీద ఉంది. ఉమ్ జాసిం అదే సోఫాలో జపమాల తిప్పుకుంటోంది. జాసిం నాకు ఉత్తరం హిందీలో చదివి వినిపించడం మొదలుపెట్టాడు. రెండో పేజీలో 'దీన్ని గుర్తుపట్టిన భారతీయ కళాకారుడు' అని నా గురించి రాశాడు.

అక్కడ నా వల్ల కాలేదు.

"డాక్టర్ సాబ్, ఆ మెట్టె నాది."

"అవును, మీదే. అదే రాశాను."

"అలా కాదు సాబ్. నేను గీశాను. ఆ వేళ్ళు కూడా నేనే గీశాను. అసలు వేళ్ళు రబ్బరుతో చెరిపేశాను."

నేను నవ్వితే తనూ నవ్వుదామని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను నవ్వలేదు.

"ఎందుకు?"

"మురికి అనుకున్నాను."

"తాకొద్దన్నాను కదా."

"అన్నారు సాబ్."

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఎనిమిది పెట్టాడు. ఇంక మడవడానికి వీలుకానంత దాకా మడుస్తూనే ఉన్నాడు. కేకలేస్తాడని చూశాను. వేస్తే బాగుండేది.

"పళ్ళలో తేడా కనిపెట్టడమే నా వృత్తి," అన్నాడు చివరికి. "రెండేళ్ళుగా ఈ బొమ్మ నా ఇంట్లో ఉంది. వేళ్ళు మారితే నేను కనిపెట్టలేకపోయాను. పైగా సంబరపడ్డాను."

"నాలుగు రోజులు పట్టింది," అంది ఉమ్ జాసిం జపమాల ఆపకుండా.

జాసిం తల్లి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"హిందీ పిల్ల ఎవరని అడిగినప్పుడు మీరందరూ బొమ్మ చూశారు. ఇతను బొమ్మ చూసి, వెంటనే తన చెయ్యి చూసుకున్నాడు."

"తెలిసి కూడా నాకు చెప్పలేదా అమ్మా?"

"నువ్వు నా దగ్గర ముగ్గురు ఆడవాళ్ళని దాచావు. నేను ఒక్క మెట్టె దాచాను."

తరవాత

జాసిం నన్ను క్షమించలేదు. క్షమించినట్టు రాస్తే ఈ వ్యాసం అందంగా ఉంటుంది గానీ, జరగలేదు. ఆ మధ్యాహ్నమే నన్ను కూర్చోబెట్టి, ఏ రబ్బరు, ఏ పెన్సిలు, ఎన్నిసార్లు రుద్దాను, ఎక్కణ్ణించి ఎక్కడిదాకా గీశాను, అన్నీ రాయించాడు. నేను తెలుగులో రాసి హిందీలో చదివాను. ఆయన దాన్ని ఇటలీ భాషలోకి మార్చి, బొమ్మతోపాటు రోములో పాతకాగితాలు బాగుచేసే ఒకావిడకి పంపాడు. నా పెన్సిలు ఆనవాలు లేకుండా తీసేసిందట. నల్లసుద్ద మాత్రం తిరిగి రాదని చెప్పిందట. బొమ్మ వెనక్కి వచ్చాక జాసిం దాన్ని మా షాపుకి తేలేదు. వేరేచోట ఫ్రేము కట్టించుకున్నాడు. ఇప్పుడా అమ్మాయికి మడమ ఉంది, ముందు ఖాళీ కాగితం ఉంది.

అబూ ఖలీల్ ఆరు నెలలు నాకు సర్టిఫికెట్లు, క్యాలెండర్లు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఆ శిక్ష న్యాయమే. కారణమే తప్పు. చెరిపినందుకు కాదు, చెప్పినందుకు వేశాడు.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. మురికి కనిపిస్తే చెయ్యి వెనక పెట్టుకోండి. మురికో బొమ్మో తేల్చే చదువు మనం చదవలేదు. చేసిన ప్రతి పనీ ఒక చీటీ మీద రాసి ఫ్రేము వెనక పెట్టండి. నేను ఆ తరవాత కట్టిన పటాలన్నిటి వెనకా అలాంటి చీటీ ఉంటుంది. గౌస్ భాయ్ దాన్ని సత్తిబాబు నేరాంగీకారం అనేవాడు. ఇంకోటి, చేతికి బాగా వచ్చిన విద్యని ఎక్కువగా అనుమానించండి. రాని పని దగ్గర మనం జాగ్రత్తగానే ఉంటాం.

ముడి

ఏడో నెలలో ఒక ఉదయం గౌస్ భాయ్ గుమ్మంలోంచి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"డాక్టర్ సాబ్ వాళ్ళమ్మ! భాయ్, నువ్వు లోపటికి పో!"

నేను పోయేలోగా ఆవిడ గడప దాటేసింది. అబూ ఖలీల్ కుర్చీ జరిపాడు, దాని మీద దుమ్ము తన తలగుడ్డ గుత్రాతోనే దులిపాడు. ఆవిడ కూర్చుని అబాయా మడతలోంచి ఒక గుడ్డముడి తీసింది. ముడి విప్పితే లోపల చిన్న నల్లటి వస్తువు, బట్టలకి పెట్టే క్లిప్పులా ఉంది. పాత తాడు ఒకటి కట్టి ఉంది.

"మా నాన్నది. తాబేటి చిప్పతో చేసింది. మునిగేటప్పుడు ముక్కుకి పెట్టుకునేవాడు. దీనికి పటం కట్టాలి."

"మా దగ్గర కొత్తగా చేరిన కేరళ మేస్త్రీ ఉన్నాడమ్మా, చాలా జాగ్రత్త మనిషి," అన్నాడు అబూ ఖలీల్ నన్ను తన వెనక దాచుకుంటూ.

"ఇతనే కట్టాలి."

నేను ముందుకొచ్చాను. "నా చేతికేనా అమ్మా?"

"వేరేవాళ్ళు పాడుచేస్తే నాకు చెప్పరు," అంది.

పొద్దున్నంతా ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుని నా చేతుల్ని చూస్తూనే ఉంది. అబూ ఖలీల్ మూడుసార్లు టీ తెప్పించాడు. జిగురు వాడలేదు. అట్టకి సూదితో చిల్లులు పొడిచి, దారంతో కుట్టడానికి సిద్ధం చేశాను. తాడు మీద తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

"ఈ తెలుపు తుడవమంటారా, ఉంచమంటారా?"

"అది ఉప్పు. ఉంచు."

సూదిలో దారం ఎక్కించి ఆ వస్తువు వైపు చెయ్యి చాచాను. "ఆగు," అని ఆవిడ దాన్ని తీసుకుంది. కాసేపు గుప్పిట్లో పట్టుకుంది. తరవాత మెల్లగా ముక్కుకి తగిలించుకుని, నోరు బిగించి, కళ్ళు మూసుకుంది. గౌస్ భాయ్ చేతిలో సుత్తి గాల్లోనే ఆగింది. అబూ ఖలీల్ టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలియదు. అరవై ఏడో, డెబ్భయ్యో ఉన్న మనిషి అంతసేపు ఊపిరి బిగబట్టగలదని మేమెవరం అనుకోలేదు.

చివరికి నోరు తెరిచి గుండెల నిండా గాలి పీల్చుకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి, పకపకా నవ్వుతోంది. ముక్కు మీది క్లిప్పు ఇంకా తియ్యలేదు. జలుబు చేసిన పిల్లలా ముక్కుగొంతుతో నావైపు చూసి అంది.

"యల్లా, ఇప్పుడు కట్టు."